నిలువు రెక్కలు

గాలిమర రెక్కలు నిలువుగానే ఉన్నాయి, నా చెయ్యి బిగింపు తాడు మీదే ఉంది, వాళ్ళింకా కనపడలేదు. కనపడనీ, తొందరేముంది, ఏడాది ఆగినదాన్ని ఇంకో గంట ఆగలేనా. గాలి సముద్రం వైపు నుంచి వస్తోంది, తడిగా, బరువుగా, ఒక్క తీరున. మా మామయ్య ఇలేర్, మా ఆయన తండ్రి, బతికుంటే ఈపాటికి కిటికీలోంచి ముక్కు బయటపెట్టి కుక్కలా వాసన చూసి "రై గాలి వచ్చిందర్రోయ్" అని మర అదిరిపోయేలా అరిచేవాడు. గోధుమకి ఒక గాలిట, రై ధాన్యానికి ఒక గాలిట, గాలి వచ్చాక మర ఊరికే కూర్చుంటే ఇంటికి అరిష్టమట, ముసలాడి చాదస్తం, ఆ చాదస్తమే మా కొంప ముంచింది. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది, నిజమే, కానీ మనసులో అనుకోడానికి కూడా ఎవడి అనుమతి కావాలి నాకు. చక్రాన్ని కరుచుకున్న చెక్క పట్టీ మూలుగుతోంది. రెక్కలకి కొత్త గుడ్డ కట్టి ఉంది మరి, గాలి ఆ గుడ్డని పట్టుకుని లాగుతోంది, పద పద అంటోంది, నేను ఊఁ అనడం లేదు. ఏడాదిగా ఈ మర తిరగలేదు. నేను బతికుండగా తిరగదని మరియమ్మ తల్లి మీద ఒట్టేశాను. మర తిప్పడానికి కాదు నేనిక్కడ కూర్చుంది, ఒక మనిషిని పోల్చుకోడానికి. పోల్చుకున్నాక ఈ తాడు జానెడు వదిలి, రెక్కల్ని నిలువు నుంచి ఏటవాలుకి జరిపి, మళ్ళీ బిగించడానికి. అంతే పని.

యుద్ధం మొదలైనప్పటి నుంచీ మా వైపు గాలిమరలన్నీ ఇలాగే మాట్లాడుతున్నాయి. రెక్కలు శిలువలా నిలువుగా నిలబడితే భయం లేదు, ఎవరి పని వాళ్ళు చూసుకోండి అని. ఏటవాలుగా నిలబడితే నీలికోట్లు వచ్చాయి, చేతికందింది పట్టుకుని మీద పడండి అని. ఆ నీలికోట్ల సిపాయిలకి, రాజుగారి తల తీసిన పారిస్ వాళ్ళకి, ఈ భాష రాదు. మా మరిది ఉర్బేన్ పొద్దున్న వెనక దారిన వచ్చాడు, కోటు మీద మావాళ్ళ గుర్తు, గుండె బొమ్మ కుట్టిన గుడ్డ, చేతిలో తుపాకీ, బురద మోకాళ్ళ దాకా. తల్లి లేని పిల్లాడని నేను పెంచాను వాణ్ణి. ఇప్పుడు వాడి కళ్ళలోకి చూస్తే నాకే ఒళ్ళు జలదరిస్తుంది. మా జనరల్ గారు శాంతి ఒప్పందం మీద సంతకం పెట్టినా వాడు పెట్టడట. వాడూ, వాడిలాంటివాళ్ళు ఇంకో డజను మందీ, మర దాటాక దారి గోతిలా కిందికి దిగబడే చోట, అటూ ఇటూ గట్ల మీద ముళ్ళపొదల్లో పడుకుని ఉన్నారు ఇప్పుడు. ఆ దారిలో దిగినవాడికి ఆకాశం తప్ప ఏమీ కనపడదు, పొదల్లో పడుకున్నవాళ్ళకి ఈ రెక్కలు తప్ప ఏమీ కనపడవు. "నువ్వు చెయ్యాల్సిందల్లా ఒకటే వదినా," అన్నాడు, నేనిచ్చిన రొట్టెముక్క నముల్తూ, "తెగిన చెవివాడు ఆ గుంపులో ఉన్నాడా లేడా చూడు. వాడు ఇప్పుడు పట్నంలో దిగిన పటాలంలోనే ఉన్నాడని మనవాళ్ళు చూసొచ్చారు. లేకపోతే రెక్కలు ఇలాగే ఉంచు, మేం వచ్చిన దారినే పోతాం, మా అన్నయ్య శాంతిని మా అన్నయ్యే కావలించుకుంటాడు. ఉంటే మాత్రం ఏటవాలుగా తిప్పు." తుపాకులు తిరగేసి భుజాన వేసుకుని వస్తారటగా, శాంతి గుర్తుకి కొమ్మలు పట్టుకుని, అన్నాను. "అదేగా సుఖం," అన్నాడు వాడు. వాడు నవ్వాడు, నేనూ నవ్వాను, దేవుడు క్షమించుగాక, రొట్టె బాగుందా అని కూడా అడిగాను.

మా ఆయన అంబ్రువాజ్‌కి ఇదేమీ తెలియదు. ఆయన చర్చి దగ్గరున్నాడు, చర్చి అంటే ఏముందిలే, కప్పు కాలిపోయి నాలుగు గోడలు, వాటి మధ్య నుంచి ఆకాశం. కిటికీలోంచి చూస్తే కింద లోయలో కనిపిస్తున్నాడు, గుమ్మం ముందు, పెళ్ళికి వేసుకున్న కోటులో, కోటు రెండింతలైందో మనిషి సగమయ్యాడో. నీలికోట్ల కెప్టెన్ రాగానే ఊరి తరఫున ముందు చెయ్యి చాచాల్సింది ఆయనే. ఎక్కువ పోగొట్టుకున్నవాడే ముందు చెయ్యి చాచాలి, అప్పుడే ఆ శాంతి నిలుస్తుందని మిగిలిన పాతిక గడపల వాళ్ళూ తీర్మానించారు. ఎవరెక్కువ పోగొట్టుకున్నారో తేల్చుకోడానికి ఒక పూటంతా దెబ్బలాడుకున్నారు, నా ఇద్దరు కొడుకులు నీ ఒక్క కూతురికి సమానం కాదా అని పీపాలు చేసే వాడి పెళ్ళాం నా జుట్టు పట్టుకోబోయింది, అదేదో పెద్ద బహుమానమైనట్టు. చివరికి మా ఆయనే గెలిచాడు. "చాలు జాకీన్," అన్నాడు రాత్రి, "చంపీ చంపీ అలిసిపోయారు వాళ్ళు, చచ్చీ చచ్చీ అలిసిపోయాం మనం. ప్రార్థన చేసుకోనిస్తామన్నారు, మన పిల్లల్ని పటాలానికి పట్టుకుపోం అన్నారు, ఇంకేం కావాలి?" నాకేం కావాలో ఆయనకి తెలుసు, తెలిసే అడిగాడు. నేను ఆయన కుడి చెయ్యి పట్టుకుని దీపం దగ్గరికి లాగి అరచెయ్యి తిప్పి చూపించాను. బొటనవేలి కింద కండలో నా పై పళ్ళ గాట్లు, వెనకవైపు కింది పళ్ళవి, ఏడాదైనా మానలేదు సరిగా, చలికి ఇంకా ఊదా రంగు తేలతాయి. ఈ చెయ్యేనా చాచేది, అన్నాను. ఆయన లేచి చీకట్లోనే మరలోకి వచ్చి, తొట్టినిండా రై గింజలు పోసి, ప్రార్థన అయ్యాక మర తిప్పుతాను, ఊరందరికీ రొట్టె పెడతాను అన్నాడు. రెక్కలకి గుడ్డ కట్టింది కూడా ఆయనే. మా అమ్మాయి రెనెట్ పెళ్ళికని నేను నేయించి, పెట్టెలో పెట్టి, పందుల దొడ్లో పాతిపెట్టిన నార దుప్పట్లు. ఇల్లు కాలింది గాని పెట్టె కాలలేదు. నన్ను అడక్కుండా కోసి కుట్టుకున్నాడు, నేను అరిచి ఆగం చేస్తే "ఇంకెవరికి దాచావే" అన్నాడు.

అదిగో. చీమల్లా కొండ మలుపు దగ్గర. కాదు, చీమలు కాదు, మనుషులే, కొమ్మలు పట్టుకున్న మనుషులు, ఆకుపచ్చ కదులుతోంది, నీలం కదులుతోంది. డప్పు లేదు, పాట లేదు, బురదలో బూట్ల చప్పుడు గాలికి వస్తూ పోతూ ఉంది. పోయిన చలికాలం ఇలా రాలేదే వీళ్ళు, డప్పు కొట్టుకుంటూ వచ్చారు, వెనక పొగ పెట్టుకుంటూ వచ్చారు, మేం అడవిలో కూర్చుని పొగ చూసి ఇది ఫలానా ఊరు, ఇది ఫలానా వాళ్ళ దొడ్డి అని చెప్పుకునేవాళ్ళం. అడవిలో నలభై రోజులో యాభై రోజులో, ఎవడు లెక్కపెట్టాడు, పిల్లలు తోలు నడుం పట్టీలు ఉడకబెట్టుకుని ఆ నీళ్ళు తాగారు. ఆ పిల్లల ఏడుపు వినలేకే మా మామయ్య రాత్రికి రాత్రి ఇక్కడికొచ్చాడు, తలుపు పలకల వెనక ఒక రై బస్తా దాచాడుట. రెనెట్ వెంట పడింది, నేనూ వస్తా తాతా అని. పిండి చేసుకుని తెల్లారేలోపు వచ్చేయాలని అందరం అనుకున్నాం, విసుర్రాయి చాలదా ఒక బస్తాకి అని నేను చెప్పీ చెప్పీ గొంతు పోగొట్టుకున్నాను. చేత్తో విసురుదామనే వచ్చాడు పాపం. కానీ తెల్లారగట్ల గాలి వచ్చింది. రై గాలి. మరకాపరి పుట్టుక పుట్టినవాడు గాలి వస్తే చేతులు కట్టుకుని ఎలా కూర్చుంటాడు, తాడు వదిలేశాడు, ఇంకెవరైనా చేస్తారా ఆ పని, ఏ చెప్పులు కుట్టేవాడైనా, ఏ కసాయివాడైనా చేస్తాడా? మరకాపరే చేస్తాడు. మూడు కోసుల మేర చచ్చిన దేశంలో ఒక్క మర తిరుగుతుంటే గుడ్డివాడికైనా కనపడదూ, ఇక్కడ మనుషులున్నారు, తింటున్నారు అని. రెక్కలు చూసి గుండె జారిపోయి నేనూ అంబ్రువాజూ అడవిలోంచి పరిగెత్తుకొచ్చాం. మేం మర కిందున్న నీటి ఊట దగ్గరికి చేరేసరికే వాళ్ళు గుమ్మంలో ఉన్నారు.

పచ్చపూల ముళ్ళపొదలో దాక్కున్నాం ఇద్దరం. ఆ పూలు అప్పుడూ పూసే ఉన్నాయి, ఇప్పుడూ పూసే ఉన్నాయి, సిగ్గులేని పూలు. మామయ్యని గడ్డం పట్టుకుని ఈడ్చుకొచ్చారు. ఎవరి కోసం విసురుతున్నావురా ముసలోడా, ఎక్కడున్నారు అన్నారు. ఆయన చెప్పలేదు. ఒక్కొక్క ప్రశ్నకి ఒక్కొక్క పోటు, చావని చోట చూసి చూసి పొడిచారు, తొడలో, భుజంలో, ఎవడో నవ్వుతూ పందెం కాశాడు. తరవాత రెక్క కిందికి వచ్చినప్పుడు ఆపి, ఆ రెక్కకే కట్టారు ఆయన్ని, కట్టి తాడు వదిలారు. ముసలాయన పైకి వెళ్ళాడు, తలకిందులయ్యాడు, కిందికి వచ్చాడు, మళ్ళీ పైకి వెళ్ళాడు. వచ్చిన ప్రతిసారీ ఏదో అంటున్నాడు, ప్రార్థనో తిట్టో, గాలికి వినపడలేదు. అప్పుడు వచ్చింది రెనెట్. లోపల తొట్టి వెనక దాక్కున్నది అలాగే దాక్కుని ఉండొచ్చు కదా, ఉండదు, నా కూతురు కదా, పదిహేడేళ్ళు నిండిన మొండిఘటం. ఆ రాత్రి బయల్దేరే ముందు కూడా దువ్వెన కోసం నాతో పోట్లాడింది, అడవిలో దువ్వెనేమిటే అంటే నీకేం తెలుసు ముసలిదానా అంది, అదే నాతో అన్న ఆఖరి మాట. చేతిలో తిరగలి రాయి గరుకెక్కేలా కక్కు కొట్టే సుత్తి, తాతదే, రెండువైపులా పదునున్నది. బుగ్గలు ఉబ్బి ఉన్నాయి దానివి, గింజలు నోట్లో పోసుకున్నట్టుంది ఆకలికి, నమలకుండానే పరిగెత్తుకొచ్చింది. దగ్గరున్నవాడు తల పైకెత్తి రెక్కల్ని చూసి నవ్వుతున్నాడు, ఆ నవ్వుతున్నవాణ్ణి కొట్టింది. తల పగలాల్సింది, తప్పి చెవి మీద పడింది. చెవి సగం తెగి వేలాడింది. వాడు ముందు చెవి పట్టుకున్నాడు, తరవాత చెయ్యి చూసుకున్నాడు, తరవాత తుపాకీ తిప్పి మొన మీది కత్తి దాని పొట్టలో దింపాడు. దింపి, కాలు దాని మీద పెట్టి లాగి, మళ్ళీ దింపాడు. అమ్మా అనలేదు రెనెట్, నోట్లో గింజలుండగా ఎలా అంటుంది. నేను అరవబోయాను, అంబ్రువాజ్ నా నోరు మూశాడు, నన్ను నేలకేసి అదిమి మీద పడుకుని నోరు మూశాడు, నేను ఆయన చెయ్యి కొరికాను, పళ్ళు ఎముకకి తగిలేదాకా కొరికాను, వేడిగా రక్తం నా గొంతులోకి దిగింది, ఆయన చెయ్యి తియ్యలేదు. తీసుంటే ఇద్దరం పోయేవాళ్ళం, అడవిలో పిల్లలూ పోయేవాళ్ళు. తెలుసు. తెలిసి ఏం లాభం? వాళ్ళు మరకి నిప్పు పెట్టి వెళ్ళిపోయారు, రాతి గోడలు కదా, అంటుకోలేదు. సాయంత్రం గాలి పడిపోయేదాకా మామయ్య అలా తిరుగుతూనే ఉన్నాడు.

బూట్ల చప్పుడు సరిగ్గా మర కింద ఆగింది.  కెప్టెన్ ఏదో అంటున్నాడు, కాసేపు ఊపిరి పీల్చుకోండి, టోపీలు సరిచేసుకోండి అని కాబోలు, పెళ్ళివారిలా సర్దుకుంటున్నారు. నేను కిటికీకి ముఖం అంటించి ఒక్కొక్కడినీ చూస్తున్నాను, టోపీలు, పొడుగు జుట్లు, చెవులు సరిగా కనపడవు. ఒకడు కూర్చున్నాడు, ఒకడు మూత్రానికి పోయాడు, ఒకడు గుంపులోంచి విడివడి మెట్లెక్కి నా తలుపు దగ్గరికి వస్తున్నాడు. తాడు మేకుకి చుట్టి దిగాను. "పౌరురాలా, కాసిని మంచినీళ్ళు పోస్తావా," అన్నాడు వాడు. పౌరురాలట, పారిస్ వాళ్ళ పిలుపు, మా వైపు ఎవరినైనా అలా పిలిస్తే తిట్టినట్టే. కడవలోంచి ముంతతో ముంచి ఇచ్చాను. టోపీ తీసి చంకలో పెట్టుకుని, తల వెనక్కి వాల్చి గటగటా తాగాడు. ఎడమ చెవి లేదు. తాగుతుంటే గొంతు ముడి పైకీ కిందికీ కదులుతోంది, చిన్న గొంతు, ఇరవై ఐదుంటాయేమో, బుగ్గ మీద మొటిమ కూడా ఉంది. అప్పుడు ఇంత చిన్నవాడిలా లేడే. నా చేతులు ఖాళీగా ఉన్నాయి. నాకు నా గొంతు వినపడింది, ఎవరో పక్కింటావిడ మాట్లాడుతున్నట్టు: "చెవికేమైంది బాబూ?" వాడు జవాబు చెప్పేలోపే కింద నుంచి వాడి స్నేహితుడు అందుకున్నాడు, "అడక్కమ్మా, అడిగితే సాయంత్రం దాకా చెప్తాడు! తెల్లగుర్రం మీద వచ్చాడట ఒక దొర, ముందు ఒక్క గుర్రమన్నాడు, ఇప్పుడు నాలుగయ్యాయి!" అందరూ నవ్వారు. వీడూ నవ్వాడు, "వాళ్ళ మాటలకేం గాని తల్లీ, దొరే. ఈ బారు కత్తి. నేను వంగకపోతే తలే పోయేది." ఈ చుట్టుపక్కలేనా, అన్నాను. "ఏమో, ఏ ఊరో ఏమిటో. పోయిన చలికాలం అన్ని ఊళ్ళూ ఒక్కలాగే ఉన్నాయి, పొగలో ఏం తెలుస్తుంది." ముంత తిరిగిచ్చాడు, చేత్తో మూతి తుడుచుకున్నాడు, పైకి చూశాడు. "గుడ్డలు కొత్తవి కట్టారే. తిరగదా ఇది?" తిరగదు, అన్నాను. "పాపం," అన్నాడు వాడు, నిజంగానే అన్నాడు, అని మెట్లు దిగిపోయాడు.

దొరట! నా పిల్లని తెల్లగుర్రం ఎక్కించాడు, చేతిలో బారు కత్తి పెట్టాడు, మీసాలు కూడా పెట్టి ఉంటాడు వెధవ. కాళ్ళకి చెప్పులు కూడా లేని పిల్ల, రాయికి కక్కు కొట్టే సుత్తి పట్టుకున్న పిల్ల, నోటినిండా పచ్చి గింజలు. మెట్లెలా ఎక్కానో తెలియదు, తాడు మేకు నుంచి ఎలా విప్పానో తెలియదు, జానెడు, జానెడు వదిలితే చాలు. వాళ్ళు కదిలారు. ముందున్న మలుపు దాకా పోవడానికి రెండు ప్రార్థనలు చెప్పుకునేంత సేపు, ఆ తరవాత దారి దిగబడుతుంది, అక్కడ ఉర్బేన్ ఉన్నాడు. ఉర్బేన్ వదలడు. పీపాలవాళ్ళ వీధి చివర బావిలో పంతులుగారిని ఉర్బేన్ వాళ్ళు తలకిందులుగా దింపినప్పుడు చూశానుగా, పారిస్ వాళ్ళ మూడు రంగుల బిళ్ళ టోపీకి పెట్టుకున్న పాపానికి, మా రెనెట్‌కి అక్షరాలు నేర్పినవాణ్ణి. తాడు పైకి లాగి, ఇంకా ఊపిరుందా అని చూసి, మళ్ళీ దింపారు, మళ్ళీ లాగారు. ఆ సాయంత్రం మోచేతుల దాకా తడిసిన చేతులతో వాడు మా ఇంటికొస్తే నేను క్యాబేజీ సూపు పోసి పెట్టాను, చల్లారిపోతుంది తొందరగా తాగరా అన్నాను. ఆ బావి నీళ్ళు ఈ రోజుకీ ఎవరూ తాగడం లేదు. ఇప్పుడు ఏటవాలుగా తిప్పితే వీళ్ళంతా ఆ గుంటలో అలాగే పోతారు, కొమ్మలు పట్టుకుని. తెల్లారేలోపు పట్నం నుంచి మిగిలిన పటాలం వస్తుంది, చర్చి గోడల నీడన గడ్డి పరుచుకున్న ఆ మిగిలిన ప్రాణాలూ పోతాయి, పెళ్ళికోటు వేసుకున్న మా ఆయన అందరికంటే ముందు పోతాడు, చెయ్యి చాచుకునే పోతాడు. పోనీ! పోతే పోనీ, నా కడుపు మంట చల్లారుతుందా లేదా? పొదలో నన్ను నేలకదిమినవాడే కదా, పోనీ. కానీ చెవిలేనివాడు చచ్చేటప్పుడు ఏమనుకుంటాడు? తలలో ఒక గుండు దిగుతుంది, దొర అనుకుంటూ, తెల్లగుర్రం అనుకుంటూ చస్తాడు. చంపితే ఒక్కసారే చస్తాడు, ఆ ఒక్కసారిలో కూడా రెనెట్ ఉండదు. ఆ రోజు వాడితో వచ్చినవాళ్ళు ఏమయ్యారో గాని, నాకు తెలిసి భూమి మీద దాని చావు చూసినవాళ్ళం ముగ్గురమే మిగిలాం, నేను, మా ఆయన, వాడు. వాడు మర్చిపోయాడు. వాడికి ఈ గోడలు గుర్తు లేవు, ఈ మెట్లు గుర్తు లేవు, నా నీళ్ళు తాగి పోయాడు. ఎలా గుర్తుంటుంది, వాడు చూసింది నిలబడ్డ మరనా? తల పైకెత్తి నవ్వుతూ వాడు చూసింది తిరిగే మరని.

వాళ్ళు మలుపు దగ్గరికి వచ్చేశారు. మరియమ్మ తల్లీ, నీ మీద వేసిన ఒట్టు నువ్వే చూసుకో, నేను మరకాపరి కోడల్ని. జానెడు కాదు, తాడు మొత్తం వదిలేశాను.

ముందు ఏమీ జరగలేదు. తరవాత కింద నుంచి పై దాకా గోడలన్నీ ఒక్కసారి ఆవులించినట్టయింది, చెక్క పళ్ళు చెక్క పళ్ళని పట్టుకున్నాయి, ఏడాది దుమ్ము నా నెత్తిన రాలింది, కిటికీ ముందు నుంచి ఒక రెక్క తెల్లగా, రెనెట్ దుప్పటి, పైనుంచి కిందికి దిగిపోయింది, వెనకే ఇంకొకటి. పై రాయి కదిలింది. గింజ పడకుండా రాయి రాయి రాచుకుంటే నిప్పు పుడుతుంది, గబగబా తొట్టి పలక లాగాను, రై గింజలు జారాయి, ఆ చప్పుడు, అయ్యో ఆ చప్పుడు, అందులో మామయ్య గొంతుంది, రై గాలిరోయ్ అంటున్నాడు, నేను ఏడుస్తున్నాను, గట్టిగా, నోరు మూసేవాళ్ళెవరూ లేరు, గొంతు చించుకుని ఏడాది ఏడుపు ఒక్కసారి ఏడుస్తున్నాను, ఏడుస్తూనే కిటికీలోంచి చూస్తున్నాను. గట్టు మీద పొదలోంచి ఉర్బేన్ లేచి నిలబడ్డాడు. తిరిగే మరకి మా సైగల్లో అర్థమేమీ లేదు, మీద పడమనీ కాదు, పొమ్మనీ కాదు. వాళ్ళ నాన్న ఏ రెక్క మీద పోయాడో ఆ రెక్కలు తిరుగుతుంటే చూస్తూ, తుపాకీ అలా వేలాడేసి, టోపీ తీశాడు. మిగిలినవాళ్ళూ ఒక్కొక్కరే తీశారు. కింద నీలికోట్లు ఇదేమీ చూడలేదు. వాళ్ళు మలుపులోకి దిగుతూ వెనక్కి తిరిగి, చూడండ్రా మర తిరుగుతోంది అని వేళ్ళు చూపించుకుంటూ నవ్వుకుంటున్నారు. ఒక్కడు నవ్వడం లేదు. ఒక్కడు దారి మధ్యలో ఆగిపోయాడు. తల పైకెత్తి చూస్తున్నాడు, రెక్క పైకి వెళ్ళింది, తలకిందులైంది, కిందికి వచ్చింది. వాడి చేతిలో కొమ్మ బురదలో పడింది. వాడి ఎడమ చెయ్యి నెమ్మదిగా, తనది కానట్టు, పైకి లేచి చెవి లేని చోటికి వెళ్ళింది.

గుర్తొచ్చిందా నాయనా. గుర్రముందా, చూడు. మీసాలున్నాయా, చూడు. "రెనెట్," అని అరిచాను కిటికీలోంచి, "దాని పేరు రెనెట్!" వినపడలేదులే, రాళ్ళ చప్పుడికి నాకే వినపడలేదు. కానీ వాడు కిటికీ వైపు చూశాడు, నీళ్ళిచ్చిన ముఖాన్ని చూశాడు, రెండోసారి చూడలేక తల దించుకున్నాడు. స్నేహితుడు వెనక్కొచ్చి చొక్కా పట్టి లాగాడు, కెప్టెన్ అరిచాడు. వాడు నడిచాడు. దిగబడ్డ దారిలోకి దిగాడు, పొదలు కదల్లేదు, ఒక్క తుపాకీ పేలలేదు, అవతల గట్టెక్కాడు, అందరికంటే వెనక, తాగినవాడిలా, చెయ్యి చెవి మీదే ఉంది. చర్చి గుమ్మం ముందు మా ఆయన నోరు తెరుచుకుని మర వైపు చూస్తున్నాడు, తరవాత వచ్చేవాళ్ళ వైపు చూశాడు. కెప్టెన్ చెయ్యి అందుకున్నాడు, రెండోవాడిది అందుకున్నాడు, అందరికీ వరసగా. పిండి నా కాళ్ళ మీద పడుతోంది, వెచ్చగా, ఆ వాసనకి ఆకలి వేసింది. చివరికి వాడు వచ్చాడు. అంబ్రువాజ్ వాణ్ణి చూశాడు. ఆయనకీ తెలుసు, ఆయనా చూశాడు కదా ఆ రోజు, నా మీద పడుకుని. ఆయన చెయ్యి ఒకసారి కిందికి జారింది, నాకు ఇంత దూరం నుంచీ తెలిసింది, జారి, మళ్ళీ లేచింది, పళ్ళ గాట్ల చెయ్యి, అలాగే చాచి ఉంచాడు. వాడి కుడి చేతిలో టోపీ ఉంది, ఎడమ చెయ్యి చెవి మీద ఉంది. ఊరంతా చూస్తోంది, మా ఆయన చెయ్యి చాచే ఉంది. వాణ్ణి అందుకోమను. నేను చూస్తున్నాను.